చీటీ చదివి పనిచేసే యంత్రం

వంటింటి అలమరలో పది డబ్బాలు ఉన్నాయనుకోండి. మూత తీయకూడదు, వాసన చూడకూడదు. పైన అంటించిన చీటీలు మాత్రమే చదివి, కూరలో వేయవలసినది మీరు అందించాలి. ఒక డబ్బా మీద "పొడి" అని మాత్రమే రాసి ఉంది. అది కారప్పొడా, పసుపా, లేక సున్నిపిండా? మీరెంత తెలివైనవారైనా ఏం లాభం? తప్పు చీటీ రాసినవారిది!

నేడు కార్యాలయాలలో సాయపడుతున్న కృత్రిమ మేధకూ ఇదే చిక్కు ఎదురవుతుంది. ఎలాగో చూద్దాం.

పనిముట్టు ఎందుకు?

చాట్‌జీపీటీ వంటి భాషా నమూనాలు లెక్కలేనన్ని వాక్యాలు చదివి, భాషను వాడడం నేర్చుకున్నాయి. కాని మీ ఇంటి కరెంటు బిల్లు ఎంతో వాటికి తెలియదు. ఆ వివరం విద్యుత్ సంస్థవారి డేటాబేస్‌లో ఉంటుంది. డేటాబేస్ అంటే కంప్యూటర్‌లో దాచిన పెద్ద పెద్ద పట్టికలే. సమాచారాన్ని ఇలా పట్టికలుగా అమర్చే పద్ధతిని 1970లో ఎడ్గార్ కాడ్ అనే శాస్త్రవేత్త ప్రతిపాదించారు.

ఈ పట్టికల్లో వెతికిపెట్టే చిన్న ప్రోగ్రామును నమూనాకు అప్పగిస్తారు. దీన్నే పనిముట్టు అంటారు. పనిముట్లు వాడుతూ, ఒక్కొక్క మెట్టే ఎక్కుతూ పని పూర్తిచేసే కృత్రిమ మేధను ఏజెంటు అంటారు. 2023 జూన్‌లో ఓపెన్‌ఏఐ సంస్థ తన నమూనాలకు పనిముట్లను వర్ణించి ఇచ్చే ఏర్పాటు చేసింది. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ ఇందుకు ఒక ఉమ్మడి పద్ధతిని ప్రకటించింది.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. పనిముట్టు లోపల ఏముందో సాధారణంగా నమూనాకు కనిపించదు. దానికి అందేవి మూడే: పనిముట్టు పేరు, అది చేసే పని వర్ణన, దానికి ఇవ్వవలసిన వివరాల జాబితా. ఇవి చదివి నమూనా "ఫలానా పనిముట్టును ఫలానా వివరంతో నడపండి" అని రాసి ఇస్తుంది. మరో ప్రోగ్రాము దాన్ని నడిపి ఫలితాన్ని తిరిగి ఇస్తుంది. అంటే ఆ వర్ణనే మన డబ్బా మీది చీటీ!

చీటీ సరిగా లేకపోతే?

ఒక విద్యుత్ కార్యాలయంలో పనిముట్టు వర్ణన ఇలా ఉందనుకోండి: "వినియోగదారుల వివరాలు ఇస్తుంది." లక్ష్మి అనే ఆమె "నేను బిల్లు కట్టానా?" అని అడిగింది. నమూనా పేరుతో వెతికింది. ఆ ఊళ్ళో ఎందరు లక్ష్ములో! పైగా ఆ పేరును ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు. కొందరి ఇంటిపేరు ముందుంటుంది, కొందరిది వెనకుంటుంది. చివరికి వేరొక లక్ష్మి బకాయిని ఈమెకు చెప్పింది. ఈమెకు అనవసరమైన దిగులు. ఆమె సొంత వివరమేమో పరాయివారికి తెలిసిపోయింది.

ఇప్పుడు ఈ వర్ణన చదవండి:

"సర్వీసు నంబరు ఇస్తే ఒక వినియోగదారుని బిల్లు వివరాలు ఇస్తుంది. పేరుతో వెతకదు. నంబరు తెలియకపోతే ముందు అడగాలి. తేదీలో మొదట సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు రాయాలి, ఉదాహరణకు 2025-04-03. మొత్తం రూపాయలలో ఉంటుంది. ఫలితం ఖాళీగా వస్తే ఆ నంబరుతో నమోదు లేదని అర్థం. 'పొరపాటు' అని వస్తే అసలు వెతకడమే జరగలేదని అర్థం."

తేడా చూశారా! తేదీ గురించి అంత పట్టింపు ఎందుకంటారా? 03-04-2025 అంటే మనకు ఏప్రిల్ 3. అమెరికావారికి మార్చి 4. కొలమానాల సంగతీ అంతే. 1999లో అంగారకుణ్ణి చేరిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ నౌక ఇలాంటి తికమకవల్లే నాశనమైంది. ఒక ప్రోగ్రాము అంకెలను పౌండ్ల లెక్కలో ఇస్తే, వాటిని అందుకున్నవారు న్యూటన్ల లెక్క అనుకున్నారు.

ఇక చివరి రెండు వాక్యాలు ఇంకా ముఖ్యం. "వెతికాను, లేదు" అనడం వేరు. "వెతకలేకపోయాను" అనడం వేరు. ఈ తేడా తెలియకపోతే, యంత్రం చెడిన రోజున ఏజెంటు "మీకు అసలు కనెక్షనే లేదు" అని చెప్పేయవచ్చు!

చీటీ తాళం కాదు

"ఇతరుల వివరాలు చూపవద్దు" అని వర్ణనలో రాస్తే సరిపోతుందా? సరిపోదు. నమూనా పొరపడవచ్చు. ఎవరైనా మాయమాటలతో దాన్ని తప్పుదారి పట్టించవచ్చు. అడిగినవారికి ఆ వివరం చూసే హక్కు ఉందో లేదో పనిముట్టు ప్రోగ్రామే తనిఖీ చేయాలి. చీటీ దారి చూపుతుంది. తలుపుకు తాళం విడిగా వేయవలసిందే.

మీరూ చేసి చూడండి

మీ బడి గ్రంథాలయం రిజిస్టరులో ఒక పుస్తకం ఎవరి దగ్గర ఉందో కనుక్కునే విధానాన్ని ఒక కాగితం మీద రాయండి. ఆ రిజిస్టరును ఎన్నడూ చూడని స్నేహితుడికి కాగితం ఇచ్చి వెతకమనండి. మీరు నోరు విప్పకూడదు. అతడు అడిగే ప్రతి ప్రశ్ననూ రాసుకోండి. ఎన్ని ప్రశ్నలు వస్తే మీ వర్ణనలో అన్ని లోపాలున్నట్లు లెక్క. వాటిని సరిదిద్ది మరో స్నేహితుడికి ఇవ్వండి. ఏజెంట్లకు పనిముట్లు తయారుచేసేవారు చేసేదీ ఇదే. వర్ణన రాస్తారు, రకరకాల ప్రశ్నలు వేసి ఏజెంటు ఎక్కడ తడబడుతోందో చూస్తారు, మళ్ళీ రాస్తారు. స్నేహితుడు ప్రశ్న అడుగుతాడు. యంత్రం మాత్రం చాలాసార్లు అడగకుండానే ఊహించి ముందుకు సాగిపోతుంది. అందుకే దానికి రాసే చీటీలో మరింత జాగ్రత్త కావాలి.