వీపీఎన్ తెగితే జీతం ఎందుకు కోస్తారు?

పాకాల, పుంగనూరు, సత్యవేడు పక్క పల్లెల్లో ఇంట్లోనే కూసోని బెంగుళూరు, చెన్నై కంపెనీలకు పని చేసే పిల్లోళ్ళు ఉండారు. వాళ్ళ నోట నేను మాటిమాటికీ వినేది ఒకటే. "అన్నా, యూట్యూబ్ బాగానే ఆడతా ఉండాది, వీపీఎన్ మాత్రం తెగిపోతాది. తెగినంతసేపూ లాగిన్ లేదని జీతం కోస్తా ఉండారు." మేనేజరేమో "మీ పల్లెలో నెట్ బాగలేదు" అని ఒక్క మాటతో తోసేస్తాడు. నేను ఇంజినీరును కాను. ఈ కోతల పంచాయితీలకు పోయి, తెలిసినోళ్ళను అడిగి అడిగి నేర్చుకున్నా. ప్రతిసారీ తప్పు పల్లెది కాదు. ఒకే వాకిలి పెట్టి వందలమందిని దాంట్లోనే దూరమనే కంపెనీదీ ఉంటాది.

వీపీఎన్ అంటే మీ ల్యాప్‌టాప్ నుంచి కంపెనీ లోపలి దాకా వేసిన మూత గొట్టం. మీరు పంపేదంతా తాళం పడి పోతాది, కంపెనీ గేట్‌వే అనే వాకిట్లో ఆ తాళం తీస్తారు. యూట్యూబ్ రొంతసేపటి వీడియోను ముందే దాచి పెట్టుకుంటాది, లైను రెండు సెకన్లు పోయినా మీకు తెలీదు. వీపీఎన్ అట్ల కాదు, అది ఎదురెదురు మాట. కొంతసేపు జవాబు రాకుంటే "వీడు పోయినాడు" అనుకోని గేట్‌వే గొట్టాన్ని కోసేస్తాది. మళ్ళా పాస్‌వర్డు, మళ్ళా ఓటీపీ.

2020కి ముందు బీపీఓ పని ఇంటి నుంచి చేయించాలంటే టెలికాం శాఖ నిబంధనలు శానా గట్టిగా ఉండేవి. ఆ ఏడాది మార్చి 13న సడలించినారు, నవంబరు 5న నిబంధనలే మార్చేసినారు. టూర్లు తిరిగే కొద్దిమంది కోసం పెట్టుకున్న వీపీఎన్ పెట్టె మీద ఆఫీసు ఆఫీసంతా పడింది. కొన్ని కంపెనీలు పెట్టెలు పెంచినాయి. కొన్ని జీతాలు కోయడం నేర్చుకున్నాయి.

పెట్టెలు పెంచి, వచ్చినోళ్ళను వాటి మధ్య పంచడమే లోడ్ బ్యాలెన్సింగ్. మన తిరుమల కొండనే చూడండి. మొదటి ఘాట్ రోడ్డు 1944లో, రెండోది 1974లో వచ్చినాయి. 2021 డిసెంబరు 1న ఎక్కే ఘాట్‌లో కొండచరియలు విరిగి పడితే, దిగే దోవలోనే రెండు పక్కల బండ్లనూ వంతులేసి వదిలినారు. ఆలస్యమైంది గానీ కొండకు దోవ మూసుకుపోలేదు. అదే ఒక దోవే ఉంటే? ఇంకో సంగతి కూడా ఆడనే ఉండాది. రెండు గేట్‌వేలు పెట్టి రెండింటినీ ఎనభై శాతం నింపుకుంటే, ఒకటి పడిన రోజు రెండోది నూటా అరవై మోయలేక అదీ పడుతాది. ఒకటి పోయినా మిగిలినవి మోసేంత ఖాళీ ఉండాల. కంపెనీలు దుడ్లు మిగిలించుకునేది సరిగ్గా ఈడనే.

పంచడంలోనూ తిరకాసు ఉండాది. మీరు ఏ గేట్‌వేతో తాళాలు మార్చుకున్నారో ఆ సెషనంతా దానికే పోవాల. ఇంకోదాని కాడ తాళంచెవి ఉండదు, వచ్చిన ప్యాకెట్‌ను పారేస్తాది. ఐపీసెక్ అయితే 500, 4500 పోర్టుల మాట రెండూ ఒకే గేట్‌వేకు చేరాల. అందుకని ఐపీ అడ్రస్ చూసి పంచుతారు. మొబైల్ డేటావోళ్ళకు ఇదే చిక్కు. సెల్ కంపెనీలు శానామందిని ఒకే పబ్లిక్ ఐపీ చాటున పెడతాయి. లోడ్ బ్యాలెన్సర్‌కు వాళ్ళంతా ఒకే మనిషి మాదిరి కనపడి ఒకే గేట్‌వే మీద పడతారు, పక్కది ఈగలు తోలుకుంటా ఉంటాది. ఏ గేట్‌వే మీద ఎంతమంది ఉండారో లెక్క చూసి పంచితే ఈ బాధ తగ్గుతాది. గేట్‌వే బతికుందా అని అడగడమూ చాలదు. అది "ఉండా" అంటాది, దాని వెనక ఆఫీసుకు పోయే లైను తెగింటాది. కావలోడు గేటు కాడ నిలబడే ఉంటాడు, లోపల తలుపుకు తాళం!

ఇంక మన పక్క. రెండు లైన్లు పెట్టుకుంటే మంచిదే, కానీ అవి రెండు దోవల్లో రావాల. ఏపీ ఫైబర్‌నెట్ తీగ ఎక్కువగా కరెంటు స్తంభాల మీదనే వస్తాది. మీ ఇంకో ఆపరేటరు తీగా అదే స్తంభం మీదుంటే, గాలివానకు స్తంభం ఒరిగితే రెండూ పోతాయి. ఒకటి ఫైబరు, ఒకటి సిమ్ పెట్టుకోండి. రెండు లైన్ల రూటరు కొంటే స్పీడు రెండింతలు అయితాదని షాపాయన చెప్తే నమ్మొద్దు. మామూలు రూటరు ఒక్కో కనెక్షన్‌ను ఒక్కో లైనుకు మడవ తిప్పుతాది, అంతే. మీ వీపీఎన్ ఒక్క కనెక్షనే. లైను మారితే మీ ఐపీ మారుతాది, శానా వీపీఎన్‌లు ఆడనే తెగుతాయి. వైర్‌గార్డ్, మోబైక్ ఉన్న ఐకేఈవీ2 మాత్రం ఆ మార్పును తట్టుకుంటాయి. ఏమీ పంపకుండా ఊరికే ఉంటే నడిమధ్యలోని రూటర్లు మీ దోవను మరిచిపోతాయి. అందుకే వైర్‌గార్డ్‌లో 25 సెకన్లకొకసారి పలకరించే సెట్టింగు పెట్టుకుంటారు.

కోత నోటీసు వస్తే ముందు ఒక మాట అడగండి. నేను తెగిన నిమిషంలో ఇంకెంతమంది తెగినారు? మీరొక్కరే అయితే మీ లైను చూసుకోండి. వేరే ఊర్లలో, వేరే నెట్‌వర్కుల మీద ఉన్న ఇరవైమందీ అదే నిమిషంలో తెగింటే, అది మీ ఊరి కరెంటు స్తంభం చేసిన పని కాదు. ఆ లెక్క గేట్‌వే లాగ్‌లో ఉంటాది. తీసి చూపించమని మెయిల్‌లోనే రాయండి, ఫోన్లో అడగొద్దు.