ఎవరూ లేచి నిలబడని తరగతి

మన బడిలో టీచర్ లోపలికి అడుగు పెట్టగానే పిల్లలంతా ఒక్కసారిగా లేస్తారు. అమెరికా బడిలో లేవరు. ఇక్కడ ఏళ్ల తరబడి పాఠాలు చెప్పి అక్కడికి వెళ్లిన టీచర్లను తొలిరోజే నిలదీసే ప్రశ్న అది: మరి గౌరవం ఎలా వస్తుంది?

అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో ఆగస్టులో, ఉత్తరాదిన చాలాచోట్ల సెప్టెంబరు మొదట్లో బడులు తెరుస్తారు. లెక్కలకు, సైన్సుకు, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు టీచర్లు చాలక అక్కడి స్కూల్ డిస్ట్రిక్టులు జె-1 వీసా మీద విదేశాల నుంచి రప్పించుకుంటున్నాయి. ఫిలిప్పీన్స్, జమైకాలతో పాటు మన దేశం నుంచీ వెళ్తున్నారు. కనీసం రెండేళ్ల బోధనానుభవం తప్పనిసరి. మొదట మూడేళ్లు, పొడిగిస్తే ఐదేళ్ల దాకా ఉండొచ్చు. అంటే ఆ తొలిరోజు తడబడేది సొంత ఊళ్లో మంచి పేరు తెచ్చుకున్న టీచర్లే.

గంట కొడితే కదిలేది పిల్లలు

మన దగ్గర పిల్లలు ఒకే గదిలో ఉంటారు, పీరియడ్ మారితే టీచర్ మారతారు. అక్కడి హైస్కూళ్లలో గది టీచర్‌ది. గంట మోగితే కొద్ది నిమిషాల్లోనే ఒక తరగతి ఖాళీ అయి మరొకటి నిండుతుంది. ఆ కాస్త వ్యవధిలో గుమ్మం దగ్గర నిలబడి, వచ్చే ప్రతి పిల్లవాణ్నీ పలకరించమని చాలా బడుల్లో కొత్త టీచర్లకు చెబుతారు. ఎవరు నిద్ర చాలక తూలుతున్నారో, ఎవరు ఇంట్లో గొడవపడి వచ్చారో పాఠం మొదలవకముందే అక్కడ పసిగట్టొచ్చు. ఏళ్లుగా నమస్కారాలు అందుకున్న టీచర్ అక్కడ తానే ముందుగా పలకరించాలి. గౌరవం అక్కణ్నుంచి మొదలవుతుంది.

కూర్చునే హక్కు

పొద్దున్నే స్పీకర్లో ప్రకటనలు, వాటితో పాటు జెండాకు ప్రతిజ్ఞ. 1892లో రాసిన ఈ ప్రతిజ్ఞ చాలా రాష్ట్రాల బడుల్లో రోజూ వినిపిస్తుంది. అందరూ గుండెమీద చెయ్యి వేసుకుని నిలబడ్డా ఎక్కడో ఒక అమ్మాయి కదలకుండా కూర్చునే ఉండొచ్చు. ‘లేమ్మా’ అనాలని మన టీచర్‌కు నోటిదాకా వస్తుంది. బలవంతపెట్టే అధికారం బడికి లేదు. యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖ పిల్లలు జెండా వందనానికి ఒప్పుకోని కేసులో 1943లోనే అమెరికా సుప్రీంకోర్టు ఆ సంగతి తేల్చేసింది.

ఆ మాట మన న్యాయస్థానానికీ కొత్త కాదు. జాతీయగీతం వేళ మర్యాదగా నిలబడి, పాడకుండా ఉన్నందుకు కేరళలో అదే మతశాఖకు చెందిన ముగ్గురు పిల్లలను బడి నుంచి తీసేస్తే, తిరిగి చేర్చుకోమని 1986లో మన సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు రాసింది తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. అందులో 1943 నాటి అమెరికా తీర్పునూ ప్రస్తావించారు.

పాఠం కంటే ముందు పిల్లవాడు

పిల్లల జాబితాతో పాటు టీచర్‌కు అందే కాగితాల్లో ఐఈపీ ముఖ్యమైంది. వైకల్యం ఉన్న ఒక్కో బిడ్డకూ విడిగా తయారుచేసే బోధన ప్రణాళిక అది. ఈ బాబుకు పరీక్షలో ఎక్కువ సమయం ఇవ్వాలి, ఈ పాపకు ప్రశ్న చదివి వినిపించాలి అని అందులో స్పష్టంగా ఉంటుంది. 1975 నాటి చట్టం ఇందుకు పునాది. తల్లిదండ్రులూ కూర్చుని తయారుచేసే ఆ ప్రణాళికను కనీసం ఏడాదికోసారి సమీక్షిస్తారు. అందులో రాసినదాన్ని అమలు చేయకపోతే బడి జవాబు చెప్పుకోవాలి.

అక్కడ అన్నీ మేలని కాదు. తుపాకీతో ఎవరైనా చొరబడితే తలుపు గడియ పెట్టి, లైట్లు ఆర్పి, పిల్లలను కిటికీలకు దూరంగా మూలకు చేర్చడం ఎలాగో కూడా టీచర్ నేర్చుకోవాలి. ఏ దేశంలోనూ ఏ టీచర్‌కూ రాకూడని పాఠం అది.

నేర్చింది ఎవరికి?

నేర్చుకున్నది సొంత దేశానికి తిరిగొచ్చి పంచాలన్నదే జె-1 పథకం ఉద్దేశం. మనం మాత్రం వెళ్లినవారిని జీతమెంతని అడిగి ఊరుకుంటున్నాం. వైకల్యం ఉన్న పిల్లలకు తోటివారితో కలిసి చదివే హక్కును 2016 చట్టం మన దగ్గరా ఇచ్చింది. కిక్కిరిసిన తరగతిలో, ఒక్కరే టీచర్ ఉన్న బడిలో ఆ హక్కు ఎలా నిలబడుతుందో ఇంకా వెతుక్కుంటున్నాం. ఐదేళ్లు అక్కడ ఐఈపీలు అమలు చేసి వచ్చినవారు మన ఊళ్లలోనే ఉంటే, వేసవి శిక్షణ తరగతులకు వాళ్లను పిలిచి మాట్లాడించడానికి పెద్ద ఖర్చేమీ అవదు. రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలూ ఈ పని చేయాలి. ఎందుకంటే, తన కోసం ఒక ప్రణాళిక రాసే టీచర్ మన పల్లె బడిలో వెనక కూర్చున్న బిడ్డకూ కావాలి.