తాకట్టులో మన కాంటాక్ట్ లిస్టు

లోన్ యాప్ తెరవగానే ఫోన్ అడిగే ప్రశ్న చాలా చిన్నది. మీ కాంటాక్ట్స్ చూడటానికి ఈ యాప్‌ను అనుమతిస్తారా? ‘అలో’ నొక్కితే అప్పు పుడుతుంది. లేదంటే యాప్ ముందుకు కదలదు. ఆసుపత్రి బిల్లు కట్టాల్సినవాళ్లు, కాలేజీ ఫీజుకు గడువు ముంచుకొచ్చినవాళ్లు అక్కడ ఆగి ఆలోచించరు. 2020 చివర్లో తెలంగాణలో లోన్ యాప్‌ల వేధింపులు భరించలేక కొందరు ప్రాణాలు తీసుకున్నారు. హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కాల్ సెంటర్లపై దాడులు చేసి పలువురిని అరెస్టు చేశారు. ఆ విషాదాలకు దారి తెరిచింది ఈ ‘అలో’ బటనే.

ముందు అప్పు లెక్క ఎలా ఉంటుందో చూద్దాం. రూ.5,000 మంజూరైందని చూపిస్తారనుకోండి. ప్రాసెసింగ్ ఫీజు కింద రూ.1,500 ముందే పట్టుకుని రూ.3,500 ఖాతాలో వేస్తారు. ఏడో రోజుకల్లా రూ.5,000 కట్టాలి. అంటే చేతికొచ్చిన సొమ్ము మీద వారానికే దాదాపు 43 శాతం భారం. కట్టలేనివాళ్లు ఇంకో యాప్‌లో అప్పు తెచ్చి ఇది తీరుస్తారు. అలా ఒకటి పదవుతుంది. ఇంత చేసినా బంగారం అడగరు, జామీను అడగరు. తాకట్టు అప్పటికే వాళ్ల సర్వర్‌కు చేరిపోయి ఉంటుంది కాబట్టి ఆ అవసరం వాళ్లకు లేదు.

మనం నంబర్లు సేవ్ చేసుకునే తీరు గమనించండి. అమ్మ, చిన్న మామయ్య, వదిన, మేనేజర్ సార్, హౌస్ ఓనర్. ఎవరికి ఫోన్ చేస్తే ఈ మనిషి తలెత్తుకోలేడో రికవరీ ఏజెంటుకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. గడువు దాటగానే వదినకు ఫోన్ వెళ్తుంది, ఆ వెంటనే మేనేజర్‌కు. తర్వాత ఆ నంబర్లన్నీ కలిపి వాట్సాప్ గ్రూపు పెట్టి, అప్పు తీసుకున్నవారి ఫొటో మీద దొంగ అని రాసి పంపుతారు. ఫొటోలను అసభ్యంగా మార్ఫింగ్ చేసి బంధువులకు పంపిన కేసులూ ఉన్నాయి.

పరువును అడ్డం పెట్టుకుని బాకీ వసూలు చేయడం తెలుగువాళ్లకు కొత్త కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మైక్రోఫైనాన్స్ అప్పులకు తోటి సభ్యుల ఒత్తిడే హామీగా ఉండేది. ఒకరు వాయిదా తప్పితే గ్రూపంతా వాళ్ల మీద పడేది. ఆత్మహత్యల వార్తల నడుమ 2010 అక్టోబరులో ఈ వసూళ్లను కట్టడి చేస్తూ రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ఆ పద్ధతి ఎంత కఠినమైనదైనా, గ్రూపులో చేరిన మహిళకు తాను పూచీ పడుతున్నానని తెలుసు. లోన్ యాప్ విషయంలో వదినకు ఏమీ తెలియదు. పేరు ఆమెది, నంబరు ఆమెది, అనుమతి ఇచ్చింది మాత్రం మరిది. ఈ మొత్తం వ్యవహారంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధించేది ఇదే. వందలమంది వివరాలు ఒక్కరి అవసరం మీద చేతులు మారిపోతున్నాయి.

గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చిచెప్పింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం కూడా సమ్మతి ఇవ్వాల్సింది ఆ డేటా ఎవరిదో వాళ్లేనంటుంది. ఫోన్ మాత్రం ఎవరి చేతిలో ఉంటే వాళ్లనే అడుగుతుంది.

ఇక ఈ యాప్‌లు మనల్ని ఎలా వెతుక్కుంటూ వస్తాయి? వీడియో తెరిచిన క్షణంలోనే, అది మొదలయ్యేలోపు, దానికి ముందు కనిపించే ప్రకటన చోటు వేలంలో అమ్ముడైపోతుంది. మీ వయసు, ఊరు, ఈమధ్య వెతికిన విషయాలు బట్టి ధర పలుకుతుంది. అర్జెంటుగా డబ్బు కావాలని వెతికిన మనిషి అప్పులవాడికి మంచి బేరం. ఎంత ఇబ్బందిలో ఉంటే అంత విలువ. పైగా పేరున్న యాప్‌లో కనిపించిన ప్రకటనను జనం నమ్ముతారు, ఇక్కడికి రానిచ్చారంటే ఎవరో ఒకరు చూసే ఉంటారనుకుంటారు. 2021 జనవరి, ఫిబ్రవరి నెలల్లో మన ఆండ్రాయిడ్ ఫోన్లకు దొరికిన దాదాపు 1,100 లోన్ యాప్‌లలో 600 చట్టవిరుద్ధమైనవని ఆర్‌బీఐ వర్కింగ్ గ్రూపు లెక్కతేల్చింది. సగానికి పైగానే దొంగవి. ప్రకటన డబ్బు తీసుకున్నవాళ్లు ఆ నమ్మకానికి జవాబుదారీ కావాలని అడగడం న్యాయమే.

మార్పు రాలేదని కాదు. లోన్ యాప్‌లు కాంటాక్ట్స్, కాల్ లాగ్స్, ఫైళ్ల జోలికి వెళ్లకూడదని 2022 సెప్టెంబరు మార్గదర్శకాల్లో ఆర్‌బీఐ చెప్పింది. 2023 మే 31 నుంచి గూగుల్ కూడా ప్లే స్టోర్‌లోని లోన్ యాప్‌లకు కాంటాక్ట్స్, ఫొటోలు అందకుండా కట్టడి చేసింది. స్టోర్ బయట లింకుల రూపంలో వచ్చే ఏపీకే ఫైళ్లకు ఈ కట్టడి వర్తించదు. అందుకే కాంటాక్ట్స్ అడిగే లోన్ యాప్ ఏదైనా సరే, ఎంత తక్కువ వడ్డీ చెప్పినా, అక్కడే తీసేయాలి.

అలాంటి ఫోన్ వచ్చిన వదిన ఆ బాకీకి బాధ్యురాలు కాదు, ఏజెంటుకు జవాబు చెప్పాల్సిన పనీ లేదు. వచ్చిన మెసేజ్‌లు స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకుని, సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయొచ్చు. అంతకంటే ముందు మరిదికి ఫోన్ చేసి, ‘నాకు తెలిసిందిలే, నువ్వు భయపడకు, ముందు ఇంటికి రా’ అనాలి. ఏజెంటు బెదిరించేది వదినకు తెలిసిపోతుందనే కదా.