స్టీరియోలో ముందుగా మార్చవలసినదేది?

న్యూఢిల్లీ: ఏళ్ళ తరబడి మోగుతున్న ఇంటి స్టీరియోలో పాట మునుపటివలె వినిపించడం లేదు. చేతిలోని సొమ్ము ఒక్క పరికరానికే సరిపోతుంది. యాంప్లిఫయర్ కొనాలా, స్పీకర్లు కొనాలా, లేక ప్లేయర్‌ను మార్చాలా? ఢిల్లీ లజపత్ రాయ్ మార్కెట్, ముంబయి లామింగ్టన్ రోడ్, చెన్నై రిచీ స్ట్రీట్, హైదరాబాద్ కోఠీలలోని దుకాణాల మెట్లెక్కే మధ్యతరగతి వినియోగదారునికి ఎదురయ్యే ప్రశ్న ఇదే. చాలామంది ఎక్కువ వాట్ల యాంప్లిఫయర్ వైపు మొగ్గు చూపుతారు. అయితే ఖర్చు ఎక్కువ, ఫలితం తక్కువ అయ్యే మార్గం సాధారణంగా అదే కావడం గమనార్హం.

వాట్ల మాయ

ధ్వని తీవ్రతను డెసిబెల్‌లలో కొలుస్తారు. 50 వాట్ల యాంప్లిఫయర్‌ను తీసివేసి 100 వాట్లది అమర్చితే పెరిగేది కేవలం 3 డెసిబెల్‌లు. చెవికి అది స్వల్పమైన తేడా మాత్రమే. శబ్దం రెట్టింపయినట్లు తోచాలంటే సుమారు 10 డెసిబెల్‌లు పెరగాలి. అందుకు పది రెట్ల శక్తి కావాలి. కాగా, ఒక వాట్ శక్తికి 87 డెసిబెల్‌లు పలికే స్పీకర్ల స్థానంలో 90 డెసిబెల్‌లు పలికేవి అమర్చినట్లయితే పాత యాంప్లిఫయర్‌తోనే అంతటి పెరుగుదల లభిస్తుంది.

1990వ దశకంలో దేశీయ విపణిలో మ్యూజిక్ సిస్టంలను 'పి.ఎం.పి.ఓ.' వాట్ల పేరిట వందలు, వేల అంకెలతో ప్రచారం చేశారు. ఈ అంకెకు అందరూ అంగీకరించిన ప్రమాణమంటూ ఏదీ లేదు. నిరంతరాయంగా అందే శక్తిని సూచించే 'ఆర్.ఎం.ఎస్.' అంకె ఎంతో తక్కువగా ఉండేది. కొనుగోలుదారులు నేటికీ చూడవలసినది ఈ రెండవ అంకెనే.

మూలమా, స్పీకరా?

పరికరాలలో దేనికి ప్రాధాన్యమివ్వాలన్న వివాదం పాతదే. 1970వ దశకంలో గ్లాస్గోకు చెందిన లిన్ సంస్థ వ్యవస్థాపకుడు ఐవర్ టీఫెన్‌బ్రన్ రికార్డు ప్లేయర్‌కే అగ్రస్థానమివ్వాలని వాదించారు. మూలంలో జారిపోయిన సంగీతాన్ని తరువాతి పరికరాలేవీ తిరిగి తేలేవన్నది ఆ వాదన సారాంశం. గ్రామఫోన్ రికార్డుల కాలానికి అందులో సత్యమున్నది.

సోనీ, ఫిలిప్స్ సంస్థలు రూపొందించిన కాంపాక్ట్ డిస్క్ 1982లో విపణిలోకి రావడంతో పరిస్థితి మారింది. సాధారణమైన డిజిటల్ ప్లేయర్ సైతం రికార్డయిన ధ్వనిని దాదాపు యథాతథంగా అందించగలదు. మంచి యాంప్లిఫయర్‌లో ధ్వని వక్రత ఒక శాతంలో వందవ వంతుకు మించనవసరం లేదు. స్పీకర్లలో మాత్రం, ముఖ్యంగా మంద్రస్థాయి స్వరాల వద్ద, అది శాతాలలోనే ఉండవచ్చు. కాబట్టి డిజిటల్ సంగీతం వినేవారు ముందుగా స్పీకర్లపై వెచ్చించడం ఉచితం. రికార్డులు వినేవారు మాత్రం మొదట సూదిని పరిశీలించుకోవాలి. రకాన్ని బట్టి అది సుమారు 500 నుంచి 1,000 గంటల వరకు పనిచేస్తుంది. అరిగిన సూది పాటను పాడుచేయడమే గాక రికార్డును కూడా శాశ్వతంగా దెబ్బతీస్తుంది.

ఖర్చు లేని పరీక్షలు

కొనుగోలుకు ముందు లోపమెక్కడున్నదో తేల్చుకోవాలి. యాంప్లిఫయర్‌కు మంచి హెడ్‌ఫోన్ తగిలించి వినాలి. అందులో పాట నిర్మలంగా ఉంటే దోషం స్పీకర్లది గాని, గదిది గాని అయి ఉంటుంది. అందులోనూ గరగర వినిపిస్తే దోషం ప్లేయర్‌లోనో, యాంప్లిఫయర్‌లోనో ఉన్నట్లు భావించవచ్చు. ఒకవైపు ధ్వని మందగించినప్పుడు, యాంప్లిఫయర్‌ను ఆపివేసి, దాని వెనుక కుడి, ఎడమ స్పీకర్ల తీగలను తారుమారు చేయాలి. లోపం రెండవ స్పీకర్‌కు మారితే అది యాంప్లిఫయర్‌లోనిదో, అంతకు ముందరి పరికరంలోనిదో అవుతుంది. మారకుంటే స్పీకర్‌నో, దాని తీగనో అనుమానించాలి.

గది ప్రభావాన్ని కూడా విస్మరించరాదు. గచ్చు లేదా పాలరాతి నేల, ఇటుక గోడలు గల మన ఇళ్ళలో ధ్వని పదే పదే ప్రతిఫలించి మాటలు అస్పష్టమవుతాయి. నేలపై తివాచీ, కిటికీలకు మందపాటి తెరలు, గోడ వారన పుస్తకాల బీరువా ఏర్పాటు చేసి, స్పీకర్లను మూలల నుంచి ముందుకు జరిపితే పైసా ఖర్చు లేకుండా, లేదా స్వల్ప వ్యయంతో, తేడా తెలుస్తుంది. ఖరీదైన తీగల వల్ల ప్రయోజనం నామమాత్రం. తగినంత మందం గల సాధారణ రాగి తీగ చాలు.

మరమ్మతే మేలు

కేంద్ర ప్రభుత్వం 2018 సెప్టెంబర్‌లో స్పీకర్లపై దిగుమతి సుంకాన్ని 10 శాతం నుంచి 15 శాతానికి పెంచింది. సుంకం భారం చివరకు కొనుగోలుదారునిపైనే పడుతుంది గనుక పాత స్పీకర్లను బాగుచేయించుకునే అవకాశాన్ని మొదట పరిశీలించడం మంచిది. స్పీకర్ చుట్టూ ఉండే ఫోమ్ అంచు తేమకు, వేడికి కొన్నేళ్ళలో పొడి పొడిగా రాలిపోతుంది. తీరప్రాంతాలలో ఈ బెడద అధికం. ఆ అంచును మాత్రమే మార్పించుకుంటే, కొత్త జత ధరలో స్వల్ప భాగంతోనే పాత స్వరం తిరిగి లభించవచ్చు.

అలాకాక యాంప్లిఫయర్ వేడెక్కి ఆగిపోతున్నా, కోరినంత ధ్వని రాకముందే స్వరం చీలిపోతున్నా, దానిని మార్చక తప్పదు. అప్పుడైనా మిత్రుని వద్ద నుంచో, దుకాణదారుని వద్ద నుంచో ఒకదానిని తెచ్చి, స్వగృహంలో, సొంత స్పీకర్లకు తగిలించి విన్న తరువాతే డబ్బు చెల్లించడం శ్రేయస్కరం. దుకాణంలోని గది మనతో పాటు ఇంటికి రాదు.