పాత డిస్కునుండి క్రొత్త డిస్కునకు: ప్రతిబింబ పద్ధతి

హైదరాబాదు పాతబస్తీలోని చాంద్రాయణగుట్టలో ఒక గృహస్థుడు ఇల్లు కొనెననుకొందము. స్టాంపు సుంకము చెల్లించి, సబ్‌రిజిస్ట్రారు ఎదుట సంతకములు జరిపించి, దస్తావేజును ఇంటికి తెచ్చి పెట్టెలో దాచుకొనును. ఆ కాగితమును చెదలు తినివేసినను అతని హక్కు పోదు. ఏలయన, దాని నకలు కార్యాలయమున భద్రముగా నుండును. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టము నిర్దేశించిన పద్ధతి యిదియే: దస్తావేజు నకలును నిలుపుకొని, అసలును కక్షిదారునకు తిరిగి యిచ్చుట.

పూర్వము ఆ నకళ్లను గుమాస్తాలు చేతితో వ్రాసెడివారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998 నవంబరు 4వ తేదీన ‘కార్డ్’ అను పథకము ప్రారంభమైన పిమ్మట రిజిస్ట్రేషన్ కార్యాలయములలో కంప్యూటర్లు నెలకొన్నవి. చేతివ్రాత పుస్తకములకు మారుగా దస్తావేజుల ఛాయలు డిస్కులలో చేరినవి. ఒక ఆస్తిపై జరిగిన అమ్మకములను, తనఖాలను తెలుపు ఇ.సి. పత్రము నేడు ఇట్టి సమాచారమునుండియే వెలువడును. పట్టికలుగా పేర్చి, కోరిన వెంటనే వెదకి తీయుటకు వీలుగా నుంచిన ఈ సమాచార సముదాయమునే డేటాబేసు అందురు.

డిస్కు శాశ్వతము కాదు. కొన్ని యేండ్లకు అది అరుగును, లేదా చాలకపోవును. అప్పుడు సమాచారమును క్రొత్త డిస్కునకు తరలింపవలెను. కాగితములైనచో ఒక పూట తలుపు మూసి, పాత బీరువానుండి క్రొత్త బీరువాలోనికి సర్దవచ్చును. డేటాబేసులో నట్లు కాదు. అది పనిచేయుచుండగనే మారుచుండును. ఉదయము పది గంటలకు మొదటి భాగమును, సాయంకాలము నాలుగు గంటలకు చివరి భాగమును నకలు తీసితిమేని, ఒకచోట ఇల్లు అమ్మినవాని పేరును, మరియొకచోట కొన్నవాని పేరును ఉండవచ్చును. అట్టి నకలు ఏ క్షణమునకును సరియైనది కాదు.

ఈ చిక్కును తీర్చునది ప్రతిబింబ పద్ధతి. దీనినే మిర్రరింగు అందురు. రెండు డిస్కులను జతపరచి, వ్రాయు ప్రతి అక్షరమును రెండింటను వ్రాయుటయే దీని రహస్యము. 1988లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమునకు చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అను మువ్వురు ‘రెయిడ్’ పేరిట డిస్కుల అమరికలను వర్గీకరించినప్పుడు, అప్పటికే వాడుకలోనున్న ఈ పద్ధతిని మొదటి తరగతిగా పేర్కొనిరి. ఒక డిస్కు చెడినను పని ఆగకుండుటకు ఏర్పడిన ఈ ఉపాయమే తరలింపునకును అక్కరకు వచ్చినది.

దాని క్రమమును చూతము. ముందుగా వేరొకచోట బ్యాకప్ తీసి, దానినుండి సమాచారము మరల వచ్చుచున్నదో లేదో పరీక్షింపవలెను. పాతదానికన్న చిన్నది కాని క్రొత్త డిస్కును తెచ్చి జతచేయవలెను. ఇచ్చట మూలమేదో, ప్రతిబింబమేదో రెండుమార్లు సరిచూచుకొనుట ముఖ్యము. తారుమారైనచో ఖాళీ డిస్కు వచ్చి నిండు డిస్కును తుడిచివేయును. తరువాత యంత్రము పాత సమాచారమును కొంచెము కొంచెముగా క్రొత్తదానిలో నింపును. ఈలోగా వచ్చు నమోదులు రెండింటను చేరుచుండును. పని కొంత మందగించును గనుక రాత్రివేళ దీనిని సాగించుట మేలు. రెండును సమానమైన పిదప కొన్ని దినములు జతగానే నడిపి, తప్పులు లేవని తేల్చుకొని, ఒక నిమిషము నమోదులు నిలిపి పాతదానిని విడదీయవలెను.

అయితే ఒక భ్రమను విడువవలెను. ప్రతిబింబము బ్యాకప్ కాదు. అద్దము ముఖమును చూపునే గాని, ముఖమునకంటిన మసిని తుడువదు. గుమాస్తా పొరపాటున ఒక నమోదును చెరిపివేసిన, ఆ చెరుపు మరుక్షణమే రెండవ డిస్కునకును ప్రాకును. అందువలననే వేరుగా తీసిన బ్యాకప్‌ను మొదటి మెట్టుగా చెప్పితిమి.

విడదీసిన పాత డిస్కు ఆ క్షణముననే నిలిచిపోవును. మరునాడు దానికి మరలితిమేని, ఆ మధ్య చేరిన దస్తావేజులు అందు కానరావు. దానిలో క్రొత్తగా నేమియు వ్రాయక, క్రొత్త డిస్కు నిలకడ తెలియువరకు దాచి, ఆ పిమ్మట పూర్తిగా తుడిచివేయవలెను. తుడువకయే పాతసామానులవానికి అమ్మినచో, ఊరివారి ఆస్తి వివరములన్నియు వీధిన పడును.

ఇంటిలో పాత ఫోనునుండి క్రొత్త ఫోనునకు ఛాయాచిత్రములు మార్చుకొనువారికిని ఈ నియమము వర్తించును. అన్నియు చేరినవని కన్నులార చూచిన తరువాతనే పాతదానిని ఖాళీ చేయవలెను. ఏరు దాటి తెప్ప తగులవేయుట కృతఘ్నత యందురు. ఏరు దాటకమునుపే తగులవేయుట అంతకన్న చేటు.