పిడుదు మీద గెలుపును ఎక్కడ లెక్కపెట్టాలి?

మందు కొట్టిన మర్నాడు పశువు ఒంటిమీది పిడుదులు రాలిపోతే రైతుకు తృప్తిగా ఉంటుంది. నిజానికి ఆ రాలినవి మొత్తంలో చిన్న భాగం. పశువుల పిడుదు ఆవును పట్టుకుని ఉండేది దాదాపు మూడు వారాలే. కడుపునిండా రక్తం తాగిన ఆడపిడుదు నేలమీదికి దిగి, రెండు మూడు వేల గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. వాటి పిల్లలు గడ్డి కొసలెక్కి, తిండి లేకుండానే వారాలు, అనువైన వాతావరణమైతే నెలల తరబడి, పశువు కోసం కాచుకుంటాయి. ఏ రోజు చూసినా ఆ సంతతిలో ఎక్కువ భాగం ఉండేది మేత బీడులోనే. అక్కడికి మన మందు చేరదు. పశువు మీద మందును తట్టుకుని మిగిలిన నాలుగూ మళ్లీ వేల గుడ్లు పెడతాయి.

ఈ సంగతి ఆస్ట్రేలియాకు బాగా ఖరీదు చెల్లించాక గాని తెలియలేదు. 1872లో జావా నుంచి డార్విన్‌లో దిగిన పశువులతో వచ్చిన పిడుదు కొన్ని దశాబ్దాల్లో క్వీన్స్‌లాండ్ దాకా పాకింది. పాషాణం కలిపిన తొట్లలో మందలను ముంచి తీశారు. 1930ల నాటికి పాషాణానికి లొంగని పిడుదులు తయారయ్యాయి. డీడీటీ ఎక్కువకాలం నిలవలేదు, ఆ తర్వాతి ఆర్గానోఫాస్ఫరస్ మందులదీ అదే గతి. అక్కడి ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓ శాస్త్రవేత్త పీటర్ విల్లాడ్సెన్ తన సహచరులతో కలిసి వేరే దారి వెతికింది ఈ పరిస్థితుల్లోనే. పిడుదు కరిచినప్పుడు దాని లాలాజలం పశువుకు తగులుతుంది, దానికి కొంత ప్రతిఘటనా పుడుతుంది. లక్షల ఏళ్లుగా ఆ ప్రతిఘటనను దాటడం పిడుదు నేర్చుకుంది. దాని పేగు మాత్రం పశువు రోగనిరోధక శక్తికి ఎన్నడూ ఎదురుపడదు. అయినా పశువు రక్తం నేరుగా చేరేది ఆ పేగులోకే, రక్తంతోపాటు యాంటీబాడీలూ అక్కడికే చేరతాయి. వేల పిడుదులను నూరి, వాటిలోని ప్రొటీన్లను అంచెలంచెలుగా వేరుచేస్తూ పోయి, చివరికి పేగు కణాల పైపొరలో ఉండే ఒక ప్రొటీన్‌ను పట్టుకున్నారు. 1989లో వివరాలు ప్రచురించారు, దానికి బీఎం86 అని పేరు. దాన్ని పశువుకు టీకాగా ఇస్తే, తర్వాత ఆ రక్తం తాగిన పిడుదు పేగు కణాలు పగిలి, తాగిన రక్తం దాని ఒంట్లోకే కారిపోతుంది. 1990ల తొలినాళ్లలోనే క్యూబాలో గావాక్, ఆస్ట్రేలియాలో టిక్‌గార్డ్ పేర్లతో టీకాలు అమ్మకానికి వచ్చాయి.

టీకా వేశాక కూడా ఆవు మీద పిడుదులు కనబడుతున్నాయి కదా, ఇదేం మందు అన్నది రైతుల మొదటి ఆక్షేపణ. కనబడతాయి, నిజమే. కొన్ని చస్తాయి, బతికినవి బరువు తగ్గి గుడ్లు తక్కువ పెడతాయి. పిడుదులు సగం తగ్గి, మిగిలిన ఒక్కోదాని గుడ్లూ సగమయ్యాయనుకుందాం. బీడులోకి పడే గుడ్లు నాలుగో వంతుకు దిగుతాయి, తర్వాతి తరంలో అది ఇంకా తగ్గుతుంది. ఈ టీకా ఫలితం చూడాలంటే వచ్చే కారులో పశువుకు ఎక్కే పిల్లలను లెక్కపెట్టాలి. క్యూబాలో టీకాను మందుతో కలిపి వాడి, మందు కొట్టే సార్లను బాగా తగ్గించగలిగారు. మరి ఆస్ట్రేలియా మార్కెట్ నుంచి టిక్‌గార్డ్ ఎందుకు కనుమరుగైందంటే, వేల ఎకరాల్లో తిరిగే మందను కొన్ని నెలలకోసారి తోలుకొచ్చి మళ్లీ సూది వేయడం అక్కడి యజమానులకు గిట్టుబాటు కాదన్నది నాకు తోచే ప్రధాన కారణం. అది కూలి ఖర్చు సమస్య. ఆ లెక్కన ఇద్దరు ముగ్గురు పాడిరైతులున్న మన వీధిలో ఆవుల్ని పట్టుకోవడం ఎంత తేలిక!

పిడుదుల్ని తట్టుకునే జాతినే పెంచుకుంటే పోదా అనేవారి మాటలో బలముంది. క్వీన్స్‌లాండ్ రైతులు చేసిందదే: 1933లో అమెరికా నుంచి తెప్పించిన బ్రాహ్మన్ పశువులతో సంకరం చేశారు. ఆ బ్రాహ్మన్ జాతిలో మన ఒంగోలు రక్తమూ ఉంది. మూపురం ఉన్న పశువుల చర్మం మీద చాలా పిడుదు పిల్లలు కుదురుకోలేకే పోతాయి. మాంసం కోసం పెంచే చోట ఇది చక్కని ఉపాయం. పాల కోసం జెర్సీ, హోల్‌స్టీన్ సంకరాలను ఇంట్లో కట్టేసుకున్న ఆంధ్ర, తెలంగాణ రైతును మాత్రం మళ్లీ ఒంగోలు ఆవుకు మారమనలేం. పాలు పెంచుకునే తొందరలో పిడుదును తట్టుకునే గుణాన్ని వదులుకున్నామన్నది వేరే సంగతి.

అసలు బరువున్న ఆక్షేపణ శాస్త్రం వైపు నుంచే వస్తుంది. బీఎం86 అన్ని పిడుదుల మీదా ఒకేలా పనిచేయదు. అర్జెంటీనాలోని ఒక రకం దానికి సరిగా లొంగకపోతే, ఆ రకం నుంచే బీఎం95 అనే మరో ప్రొటీన్‌ను తీయాల్సి వచ్చింది. మన సంకరజాతి ఆవులకు థైలేరియా జ్వరం తెచ్చే హయలోమా పిడుదు వేరే ప్రజాతి, దాని నడవడికా వేరు. అది పశువు మీదే పెరిగి పెద్దదవదు. మధ్యలో దిగి కొట్టం గోడల పగుళ్లలో, రాళ్ల సందుల్లో దాక్కుని కుబుసం విడిచి, మళ్లీ పశువును వెతుక్కుంటుంది. కాబట్టి ఆస్ట్రేలియా టీకాను తెచ్చి ఇక్కడ యథాతథంగా వేస్తే పని జరగదు. మన పిడుదుల పేగు ప్రొటీన్లను మన ప్రయోగశాలల్లోనే పరీక్షించాలి, టీకా వేసిన కొట్టంలోనూ గోడల పగుళ్లు పూడ్చే పని మానకూడదు.