డ్రైవర్ అదే, వేగం సగం

నెట్‌వర్క్ కార్డుతోనో డిస్కుతోనో నేరుగా మాట్లాడే ప్రోగ్రామును డ్రైవర్ అంటారు. లినక్స్‌లో డ్రైవర్లు చాలావరకు సీ భాషలో ఉంటాయి. ఆ కోడును ప్రాసెసర్ ఆదేశాలుగా మార్చేది కంపైలర్. పరికరం నెమ్మదిస్తే కార్డునో, డ్రైవర్ రాసినవాళ్లనో తిట్టుకుంటాం. కంపైలర్ జోలికి ఎవరూ పోరు. పోవాలనడానికి 2018 నాటి ఉదంతం ఒక్కటి చాలు.

ఆ జనవరిలో స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపం బయటపడింది. ఏ ఫంక్షన్‌ను పిలవాలో అప్పటికప్పుడు మెమరీలో చూసి తెలుసుకునే పిలుపును ఇన్‌డైరెక్ట్ కాల్ అంటారు. అక్కడ ప్రాసెసర్ ఆగదు, గమ్యాన్ని ఊహించి ముందుకు పోతుంది. ఆ ఊహను దారి మళ్లించి రహస్యాలు రాబట్టవచ్చని తేలింది. గూగుల్ ఇంజనీర్ పాల్ టర్నర్ సూచించిన విరుగుడు రిట్‌పోలిన్. కంపైలర్ అలాంటి ప్రతి పిలుపునూ, ఊహ పక్కదారి పట్టినా హాని జరగని ఆదేశాల వరుసగా మార్చేస్తుంది. డ్రైవర్ కోడులో ఒక్క అక్షరం మారలేదు. అయినా ఎక్స్‌డీపీ అనే వేగవంతమైన ప్యాకెట్ మార్గంలో ఒక పరీక్షలో సెకనుకు సుమారు 1.3 కోట్ల ప్యాకెట్లు 60 లక్షలకు పడిపోయాయి. కారణం లెక్కలోనే ఉంది. 10 గిగాబిట్ ఈథర్‌నెట్‌లో అతి చిన్న ప్యాకెట్లు 67.2 నానోసెకన్లకొకటి చొప్పున రాగలవు. 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కు అది దాదాపు 200 క్లాకులు. ఒక్కో పిలుపు పదుల క్లాకులు మింగితే, ప్యాకెట్‌కు అలాంటివి నాలుగైదు ఉంటే, అసలు పనికి మిగిలేదెంత?

డ్రైవర్ ఎలాగూ పరికరం కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది కదా, దీనికింత గొడవెందుకు అనవచ్చు. కీబోర్డు, ప్రింటర్ల విషయంలో ఆ మాట నిజమే. వేగవంతమైన నెట్‌వర్క్ కార్డులు, ఎన్‌వీఎంఈ డిస్కుల దగ్గర మాత్రం ప్రాసెసరే వెనకబడుతుంది. కోడు బాగా రాస్తే చాలనేవాళ్లూ ఉన్నారు. 2019లో వచ్చిన లినక్స్ 5.0లో సాధారణ డీఎంఏ పనులకు (పరికరం నేరుగా మెమరీని అందుకునే ఏర్పాట్లకు) ఇన్‌డైరెక్ట్ కాల్ బదులు నేరుగా పిలుపు వెళ్లేలా మార్చి, పోయిన వేగంలో చాలా భాగం రాబట్టిన మాట వాస్తవం. అయితే కంపైలర్ ఏం పుట్టిస్తోందో చూసినవాళ్లకే ఆ మార్పు తట్టింది. పైగా బాగా రాయడమంటే ఏ కంపైలర్ వెర్షన్‌కు? ఏఆర్ఎం యంత్రాల్లో అప్పటిదాకా సవ్యంగా నడిచిన యూఎస్‌బీ డ్రైవర్‌ను జీసీసీ అనే కంపైలర్ 4.6 వెర్షన్‌తో కంపైల్ చేస్తే, ఒకేసారి అందుకోవాల్సిన 32 బిట్ల రిజిస్టర్ బైటు బైటుగా విడిపోయింది. కొత్త ప్రాసెసర్లలో స్పెక్టర్‌కు హార్డ్‌వేర్ రక్షణ వచ్చింది, సంతోషమే. దానితో రిట్‌పోలిన్ భారం తగ్గుతుంది తప్ప కంపైలర్ పాత్ర తగ్గదు.

అందుకే డ్రైవర్ వేగాన్ని అంకెల్లో చెప్పేవాళ్లు కంపైలర్ పేరు, వెర్షన్, వాడిన ఆప్షన్లు కూడా పక్కన రాయాలి. అవి లేని పోలికను నమ్మనక్కర్లేదు.